చిమ్మట మొహానికి బంగారు ఫ్రేము

జూన్ 3, మంగళవారం

ఒక పురుగుకి నా పేరు పెడుతున్నారు! పెడుతున్నది మా అమ్మాయే! ఇంతవరకు భూమ్మీద ఏ మనిషీ పేరు పెట్టని కొత్త పురుగు. దానికి నా పేరు! చివర ఒక చిన్న తోక తగిలించి, ఏదో పాత భాషలోకి మార్చి అచ్చు వేస్తారట. ఒకసారి అచ్చయ్యాక మార్చడం ఎవరి తరమూ కాదట. ప్రభుత్వాలు పడిపోయినా సరే, ఆ పురుగు నాదే.

పొద్దున్నే ఫోన్ చేసింది.

"నాన్నా, కూర్చున్నావా?"

"కూర్చునే ఉన్నానమ్మా. ఏమైంది?" అన్నాను. పురుగుల కోసం అడవులు పట్టుకు తిరిగే పిల్ల, మళ్లీ జ్వరం తెచ్చుకుందేమో అనుకున్నాను.

"పోయినేడు దొరికిన చిమ్మట కొత్త జాతేనని తేలింది. దానికి నీ పేరు పెడుతున్నాను."

సీతాకోకచిలుక అయ్యుంటే ఇంకా బాగుండేదని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. అదైతే పగలు తిరుగుతుంది, పిల్లలు వెంటపడతారు. చిమ్మట అంటే చీకటి పడ్డాక తిరిగేది, ట్యూబులైటుకి తల బాదుకునేది. అయినా అడిగి చూశాను.

"రంగులేమైనా ఉన్నాయా తల్లీ?"

"గోధుమ రంగు నాన్నా."

"అంతేనా?"

"అంచున కొంచెం బూడిద రంగు కూడా ఉంది."

"అదీ సంగతి!" అన్నాను.

మా ఆవిడకి చెబితే కూరగాయలు తరుగుతూ తల కూడా ఎత్తలేదు. "పురుగుకా మీ పేరు? ఇన్నాళ్లకి సరైన చోట పెట్టారు" అంది. ఆవిడ బాధ నాకు తెలుసు. వాళ్ల తమ్ముడు, అంటే మా బావమరిది, పార్కుకి ఒక బెంచీ ఇచ్చాడు. దాని వీపు మీద ఆయన పేరు, ఆయన ప్రిన్సిపాలుగా ఉన్న కాలేజీ పేరు. ఆ బెంచీ గురించి వినని చుట్టం మాకు లేడు. ఇక వినక్కర్లేదు.

అచ్చయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దంది అమ్మాయి. ముందే పేరు పొక్కితే చిక్కులట. ఒక్క మాట రాదు నా నోట్లోంచి అని మాటిచ్చాను.

అక్కయ్యకి మాత్రం చెప్పాను. అక్కయ్య పరాయి మనిషి కాదు కదా.

జూన్ 4, బుధవారం

అక్కయ్యకి, తమ్ముడికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

జూన్ 5, గురువారం

అక్కయ్యకి, తమ్ముడికి, పిన్నికి, మేనకోడలికి, పైవాటాలో అద్దెకున్న టీచరమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు. బావమరిదికి నా అంతట నేను చెప్పను. పిన్నికి చెప్పాక ఆయనకి వేరే చెప్పాలా ఏమిటి.

జూన్ 6, శుక్రవారం

చెప్పక్కర్లేకపోయింది. పొద్దున్నే ఫోన్.

"బావా, ఏదో పురుగటగా?"

"చిమ్మట."

"బట్టలు కొరికేదా?"

"అది వేరే. ఇది అడవిలో ఉంటుంది."

"ఏం చేస్తుంది?"

"ఆకులు తింటుంది."

"అంతేనా! మన బెంచీ మీద రోజూ ఎంతమంది సేద తీరతారో తెలుసా బావా?"

"తెలుసు. నిన్న ఒక కుక్క కూడా సేద తీరుతోంది. నా పేరు మీద మాత్రం ఎవరూ కూర్చోలేరు" అన్నాను. లైను కట్టయింది. సిగ్నల్ లేదో, సిగ్గేసిందో.

జూన్ 8, ఆదివారం

ఈ పేరు నాకు రావడంలో న్యాయం ఉంది. అమ్మాయి చదువంతా నా షాపులోనే మొదలైంది.

ఫోటోలకి ఫ్రేములు కట్టే షాపు. ఊళ్లో ఏ గోడ చూసినా నా మేకే. పెళ్లిళ్ల ఫోటోలు, పోయినవాళ్ల ఫోటోలు, పిల్లల పట్టాలు, మంత్రిగారితో కరచాలనాలు, అన్నిటికీ నేనే అద్దం కోశాను. నా పేరున్న కాగితం ఒక్కటీ ఫ్రేము కట్టుకునే అవసరం నాకు రాలేదు. సాయంత్రం ట్యూబులైటు వేయగానే పురుగులు ముసిరేవి. వచ్చినవాళ్లు చెప్పుతో కొట్టేవాళ్లు. అమ్మాయి అప్పుడు ఇంతుండేది. కింద పడ్డ వాటిని ఏరి, మిగిలిన అద్దం ముక్కల మీద వరసగా పేర్చేది. "నాన్నా, దీని కాళ్లకి వెంట్రుకలున్నాయి" అనేది. మిగిలిన ఫ్రేము పట్టీ ముక్కలతో ఒక చెక్క పెట్టె, పైన అద్దం, నేనే చేసిచ్చాను. దాని మొదటి మ్యూజియం అదే.

"ఆడపిల్లకి డాక్టరు చదువు చెప్పించరా తమ్ముడూ" అంది అక్కయ్య. పురుగుల డాక్టరయింది. అప్పట్నుంచీ అడవులే. వాన ఆగని అడవులు, జలగలు, జ్వరాలు. రెండు చెట్ల మధ్య తెల్ల దుప్పటి కట్టి, పక్కన దీపం పెట్టి కూర్చుంటుంది. వెలుగు చూసి పురుగులు వచ్చి దుప్పటి మీద వాలతాయి. ఇదీ ఉద్యోగం. మా ఇంట్లో దుప్పట్లన్నీ ఒక్కొక్కటిగా అడవికే పోయాయి. చుట్టాలు వచ్చినప్పుడు దుప్పటి అడిగితే "అది సైన్సులో ఉంది" అంటుంది మా ఆవిడ.

ఇంత చేసినా, అది పనిచేసే మ్యూజియంలో దానిది ఏటేటా పొడిగించే ఉద్యోగమే. పర్మనెంటు చేసే ఫైలు డైరెక్టరు గారి టేబుల్ మీద ఉంది. ఆయన సంతకం ఒక్కటే తక్కువ. ఈ నెలాఖరుకి ఆయన రిటైరవుతున్నారు. ఆలోపు సంతకం పడకపోతే ఫైలు మళ్లీ మొదటికొస్తుంది, అమ్మాయి రోడ్డు మీదికొస్తుంది.

ఆయన చాలా పెద్దవారు. సీతాకోకచిలుకలూ చిమ్మటల మీద లావుపాటి పుస్తకం రాశారు. లోపలి బొమ్మలు మా అమ్మాయి గీసింది. లోపలి మాటలు కూడా మా అమ్మాయివే. అట్ట మీద పేరు మాత్రం ఆయన సొంతంగా రాసుకున్నారు. ఒకసారి అడవికి కూడా వెళ్లారట. కారు దిగలేదట.

జూన్ 14, శనివారం

అమ్మాయి వచ్చింది. భోజనాల బల్ల నిండా కాగితాలు పరిచింది. పత్రికకి పంపే బొమ్మలట. మొదటి దాంట్లో నా పురుగు, రెక్కలు చాపుకుని. ఇది నా డైరీ కాబట్టి నిజమే రాసుకుంటాను: ఎండిన టీ ఆకులా ఉంది.

రెండో బొమ్మ చూసి కుర్చీలోంచి లేచాను.

ఏం గీత! ఏం పనితనం! నల్ల ఇంకుతో, వెంట్రుక కన్నా సన్నటి గీతలు. అటూ ఇటూ రెండు రేకులు, చేతులు జోడించబోతున్నట్టు. పైన కిరీటంలా చిన్న కొక్కెం. మధ్యలో పొడుగ్గా, కొన కొంచెం వంగిన ముక్కు. పక్కల కుచ్చులు కుచ్చులుగా మీసాలు. ఎన్ని వేల బొమ్మలకి ఫ్రేములు కట్టానో, ఇంత ఠీవి ఉన్నది చూడలేదు.

"ఇదేంటమ్మా?"

అమ్మాయి పెన్ను కింద పెట్టి వాళ్లమ్మ వైపు చూసింది. "అది... ఆ చిమ్మటని గుర్తుపట్టే భాగం నాన్నా. రెక్కలు చూస్తే ఇలాంటి రకాలు చాలా ఉన్నాయి, అన్నీ ఒకేలా ఉంటాయి. ఇది మాత్రం ఒక్కో జాతికి ఒక్కోలా ఉంటుంది. మైక్రోస్కోపు కింద దీన్ని చూశాకే కొత్తదని తేలింది."

"అంటే మొహమన్నమాట!"

"మొహం అంటే... నాన్నా..."

"మనుషులైనా అంతే కదమ్మా! చొక్కా చూసి గుర్తుపడతామా? మొహం చూసే కదా!"

"సరే. అలాంటిదే అనుకో" అంది, కాగితాలు సర్దుతూ.

తర్వాత తల్లీకూతుళ్లు వంటింట్లో ఏదో గుసగుసలాడుకుని ఒకటే నవ్వు. మా ఆవిడ స్టవ్ ఆపేసి మరీ నవ్వింది. నా సంతోషం వాళ్లకీ అంటుకుంది.

ఎక్కడో గీత చెదిరిందని ఒక కాపీ చెత్తబుట్టలో పడేసింది. తీసి దాచాను. సంతానం పారేసింది తండ్రి ఏరుకోవడం తప్పేమీ కాదు.

జూన్ 16, సోమవారం

షాపు మూశాను గానీ సామాను మూయలేదు. మంచం కింద ఒక బంగారు రంగు ఫ్రేము పట్టీ ఉంది. ఎవరో పెద్దమనిషి తన ఫోటో కోసం తెప్పించి, తర్వాత ఎన్నికల్లో ఓడిపోయి రాలేదు. ఆ పట్టీ కోశాను, మంచి అద్దం వేశాను, కింద నా పేరు బంగారు పెయింటుతో నా చేత్తోనే రాశాను. హాల్లో, గుమ్మానికి ఎదురుగా కొట్టాను.

"హాల్లో వద్దండీ" అంది మా ఆవిడ.

"మరెక్కడ?"

"బీరువా వెనకాల పెట్టుకోండి. లేకపోతే పరుపు కింద."

తమ్ముడి బెంచీ చిన్నబోతుందని ఈవిడ దిగులు. పట్టించుకోలేదు. "ఒక్కసారి చూసి చెప్పు, ఆ ముక్కు అచ్చం నాది కాదూ?" అన్నాను. బొమ్మని చూసింది. నన్ను చూసింది. "ముమ్మాటికీ" అని, దగ్గు తెర ముంచుకొచ్చి పెరట్లోకి పరిగెత్తింది.

జూన్ 17, మంగళవారం

ముక్కు నాదే.

జూన్ 19, గురువారం

జిరాక్సు షాపులో కాపీలు తీయించి, చిన్న చిన్న ఫ్రేములు కట్టి, చుట్టాలందరికీ పంపేశాను. ఇది చెప్పడం కిందికి రాదు. చెప్పడం అంటే నోటితో.

అక్కయ్య ఫోన్ చేసింది. "ఒరేయ్, హాల్లో గడియారం కింద పెట్టాను. ఎంత శాంతంగా ఉందిరా ఆ మొహం! మన నాన్న గుర్తొచ్చాడు" అంటూ ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. మేనకోడలు పసిబిడ్డ ఉయ్యాలకి ఎదురుగా కట్టిందట. బిడ్డ దాన్నే చూస్తూ కేరింతలు కొడుతోందట. పిన్ని మంచం పక్కన పెట్టుకుంది, కళ్లు తెరవగానే కనబడాలని.

బావమరిది కూడా దిగొచ్చాడు!

"బావా, నాకు చిన్నది పంపావే? నా గదికి సరిపోయేలా పెద్దది కట్టు. కాలేజీకి ఎవరొచ్చినా ముందు కనబడేది అదే కావాలి. కింద నా పేరు రాయి."

"పురుగుకి పెట్టింది నా పేరు కదా?"

"నీది కూడా రాయి. నాది కొంచెం పెద్దక్షరాల్లో రాయి. వచ్చేవాళ్లకి నేనే కదా తెలిసేది."

రాశాను. ఆయన పేరు అరచేయంత, నాది చిటికెన వేలంత. చేసిన పని పాడు చేయడం నాకు చేతకాదు. ఇప్పుడది ప్రిన్సిపాలు కుర్చీ వెనక, సరిగ్గా ఆయన తల మీద వేలాడుతోంది.

జూన్ 22, ఆదివారం

నిన్న అమ్మాయి వచ్చింది. గుమ్మంలో చెప్పులు విప్పుతూ తలెత్తి బొమ్మ చూసింది. ఒక చెప్పు విప్పకుండానే నిలబడిపోయింది.

"నాన్నా... ఇది... ఎవరికైనా చూపించావా?"

"ఎవరికీ లేదమ్మా!"

"ఒట్టు?"

"నేనెప్పుడైనా అబద్ధమాడానా?"

ఊపిరి వదిలింది. "సరే. ఇంట్లోవాళ్లే కదా చూసేది, ఉండనీ" అంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి దానికి. తండ్రి చేతి పని చూస్తే ఎవరికైనా అంతే.

ఇవాళ పొద్దున వరండాలో అద్దం కోస్తున్నాను. వంటింట్లో వాళ్ల మాటలు వినబడ్డాయి. అంటే, వినబడలేదు. నేను వినలేదు.

"ఏమన్నాడే మీ డైరెక్టరు?"

"తన పేరు పెట్టమన్నాడమ్మా. రిటైరయ్యేవాడికి గుర్తుగా ఏం మిగులుతుంది అని నవ్వుతూనే అన్నాడు. నా ఫైలు మీద చెయ్యి పెట్టి మరీ అన్నాడు."

"నువ్వేమన్నావ్?"

"నాన్న పేరు పెడుతున్నానని చెప్పాను. మీ నాన్నగారు ఏం చేస్తుంటారు అన్నాడు. ఫ్రేములు కట్టేవారు అన్నాను. నవ్వాడు."

"పోనీ, వాడి పేరే పెట్టి వదిలించుకోరాదుటే? ఉద్యోగం ముఖ్యం కదా."

"నాన్నకి ఎలా చెప్పనమ్మా? హాల్లోకి వెళ్లి చూడు, ఎంత సంబరపడుతున్నాడో."

అద్దం గీత మీద తెగలేదు. అడ్డంగా పగిలింది. చేతి పనిలో నాకు అలా ఎప్పుడూ జరగలేదు. అద్దం మంచిది కాదు.

జూన్ 23, సోమవారం

నేనేమీ వినలేదు.

జూన్ 24, మంగళవారం

నవ్వాడట.

ఆయన డిగ్రీ పట్టాలకి కూడా ఎవరో ఒకరు ఫ్రేము కట్టే ఉంటారు. లేకపోతే ఆఫీసు గోడ మీద వాటిని బంకతో అతికించుకున్నాడా?

అమ్మాయికి ఫోన్ చేశాను.

"తల్లీ, నాకో ఆలోచన వచ్చింది. ఆ పురుగుకి మీ డైరెక్టరు గారి పేరు పెడితే ఎలా ఉంటుందంటావ్?"

"అమ్మ చెప్పిందా?" అంది.

"అమ్మేం చెబుతుంది? నాకు తోచింది. పెద్దాయన, రిటైరవుతున్నారు. నాకెందుకమ్మా పురుగు? మొదట్నుంచీ నాకు వాటంటే అంత ఇది లేదు."

"నాన్నా, ఒకసారి అచ్చయిందంటే మళ్లీ మార్చడానికి ఉండదు."

"తెలుసమ్మా. నేనేమైనా ఊరంతా చాటుకున్నానా? ఎవరికీ చెప్పలేదుగా!"

"భోంచేశావా నాన్నా?" అంది. భోంచేశానన్నాను.

హాల్లో ఫ్రేము దించి కింద నా పేరు గీకడానికి కూర్చున్నాను. ఆ పెయింటు అంత తేలిగ్గా పోదు. వేసింది నేనే కదా, గట్టిగానే వేశాను. సగం అక్షరాలు అలాగే ఉన్నాయి.

జూన్ 27, శుక్రవారం

ఇవ్వాలనుకున్నాక సగం సగం ఇవ్వకూడదు. సోమవారం ఆయన వీడ్కోలు సభ. ఆ చేత్తోనే సంతకం పడాలి. అందుకని నా పురుగు మొహాన్ని కిటికీ తలుపంత పెద్దది చేయించాను. బంగారు పట్టీ మిగిలినదంతా వాడేశాను. కింద బంగారు అక్షరాల్లో డైరెక్టరు గారి పేరు, పేరు వెనక డిగ్రీలు. డిగ్రీలన్నీ పట్టలేదు. పట్టినంతవరకు రాశాను.

అమ్మాయికి చెప్పలేదు. నేనే స్వయంగా తీసుకెళ్లి ఇస్తాను. ఫ్రేముకి గుడ్డ చుట్టి మా ఆవిడకి చూపించాను, లోపల అద్దమని చెప్పాను. అద్దం ఉన్న మాట నిజమే.

జూన్ 30, సోమవారం

సంతకం పడింది! సంతకం పడింది! మా అమ్మాయి ఉద్యోగం పర్మనెంటు!

వరసగా రాయాలి, లేకపోతే మర్చిపోతాను.

మ్యూజియం హాలు నిండిపోయింది. అందరూ పురుగుల సైంటిస్టులే, ఎక్కడెక్కడినుంచో వచ్చారు. స్టేజీ మీద డైరెక్టరు గారు, పక్కన ముఖ్య అతిథిగా తెల్లజుట్టు ప్రొఫెసరమ్మ. చిమ్మటల్లో ఆవిడే అందరికన్నా పెద్దట. పూలగుత్తులన్నీ ఇచ్చాక, నేను ఫ్రేము ఎత్తుకుని మెట్లెక్కాను. మైకు నా చేతికే ఇచ్చారు.

"అయ్యా, నేను ఫలానా అమ్మాయి తండ్రిని. తమరి పేరు పెట్టుకుంటున్న కొత్త చిమ్మట ఇదుగో. నా చేత్తో ఫ్రేము కట్టి తెచ్చాను" అని గుడ్డ లాగాను.

హాలంతా నిశ్శబ్దం! సూది పడితే వినబడేలా! ఎన్నో ఫ్రేములు ఆవిష్కరించాను గానీ ఇంత ప్రభావం ఎప్పుడూ చూడలేదు. మూడో వరసలో మా అమ్మాయి లేచి నిలబడింది, కూర్చుంది, మళ్లీ నిలబడింది. సంతోషం పట్టలేకపోయింది పాపం.

డైరెక్టరు గారి మొహం వెలిగిపోయింది. రెండు చేతులతో ఎత్తి అందరికీ చూపించారు. ఇటు వరసకి, అటు వరసకి. "చూడండి, ఎంత గంభీరంగా ఉందో!" అన్నారు.

"అచ్చం తమరి పోలికే అయ్యా. ఆ మధ్యలోది చూడండి" అన్నాను. నా ముక్కుని కూడా ఇచ్చేశాను.

"నిజమే! నాకూ అలాగే అనిపిస్తోంది!" అన్నారాయన మైకులో.

ప్రొఫెసరమ్మ కళ్లజోడు పెట్టుకుని, దగ్గరికొచ్చి, కింద పేరు చదివి, పైన బొమ్మ చూసి అడిగింది. "డైరెక్టరు గారూ, ఇది అసలు కొలతకి ఎన్ని రెట్లు పెద్దది చేశారు?"

"చాలా రెట్లు మేడం. అసలుది చాలా చిన్నది" అన్నారాయన వినయంగా.

హాలంతా ఒక్కసారిగా హోరెత్తింది! ఎంత ఆప్యాయత ఆ మనిషి మీద! కొందరు కళ్లు తుడుచుకుంటున్నారు. ఒకాయన ముందు కుర్చీ మీద తల ఆనించి వెక్కి వెక్కి పడుతున్నాడు. చప్పట్లు ఆగలేదు. తనకి ఇంత ఆదరణ ఉందని ఆయనే ఊహించలేదేమో, అక్కడికక్కడే ఫైలు తెప్పించుకుని, "ఇలాంటి తండ్రి కన్న అమ్మాయి సంస్థకి కావాలి" అని సంతకం చేసేశారు. గుమాస్తా ముద్ర కూడా కొట్టేశాడు.

ప్రొఫెసరమ్మ దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "ఇన్నేళ్లలో నేను చూసిన అత్యుత్తమ సభ ఇది" అంది.

అమ్మాయి మాత్రం నాతో మాట్లాడలేకపోయింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బస్సు దాకా వచ్చింది. భుజాలు అదురుతున్నాయి.

జూలై 1, మంగళవారం

ఉద్యోగం ఖాయం. పురుగు సంగతి రోజంతా తలుచుకోలేదు. పొద్దున తలుచుకోలేదు, మధ్యాహ్నం తలుచుకోలేదు.

జూలై 3, గురువారం

పేపర్లో పడింది! డైరెక్టరు గారు ఫ్రేము ఎత్తి పట్టుకున్న ఫోటో. 'శాస్త్రవేత్తకు ఘన వీడ్కోలు' అని. నా మోచెయ్యి కూడా కనబడుతోంది.

జూలై 5, శనివారం

పొద్దున్నే అమ్మాయి దిగింది. కాఫీ కూడా తాగకుండా నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడింది, పారిపోవడానికి వీలుగా.

"నాన్నా, పేరు నీదే. మళ్లీ నీకే వచ్చింది."

నాకు అర్థం కాలేదు.

"పేపర్లో ఫోటో చూసి డైరెక్టరుకి దేశదేశాల నుంచీ ఫోన్లు వచ్చాయట. ఎవరో అసలు సంగతి చెప్పారు. 'ఆ చిమ్మటకి నా పేరు పెట్టడానికి ఎంతమాత్రం ఒప్పుకోను' అని సంతకం పెట్టి మరీ ఉత్తరం పంపాడు. నీ పేరుతోనే నిన్న అచ్చుకి పంపేశాను."

"ఫైలు?"

"ముద్ర పడింది కదా నాన్నా. ఇక ఎవరూ ఏమీ చేయలేరు."

లేచి గంతులేశాను. ఈ మోకాళ్లతో! తర్వాత అడిగాను. "అసలు సంగతంటే ఏంటమ్మా?"

అమ్మాయి నేల వైపు చూస్తూ చెప్పింది. చదువుకున్న పిల్ల కాబట్టి పాఠంలా చెప్పింది. చిమ్మటల రెక్కలు ఒకేలా ఉన్నా, మగవాటి జననాంగాలు మాత్రం జాతికొక రకంగా ఉంటాయట, తాళానికొక తాళంచెవి ఉన్నట్టు. కాబట్టి సైంటిస్టులు గుర్తుపట్టడానికి చూసేది దాన్నేనట. ప్రతి కొత్త చిమ్మటకీ ఆ బొమ్మ గీసి తీరాలట. చిమ్మటల గురించి అక్షరమ్ముక్క తెలిసినవాళ్లెవరైనా చూడగానే చెప్పేస్తారట.

"మరి ఆయన?"

"ఆయన పుస్తకంలో ఇలాంటి బొమ్మలు పేజీలకి పేజీలున్నాయి నాన్నా. ఆయన ఎప్పుడూ తెరిచి చూడలేదు."

హాల్లో బొమ్మ వైపు చూశాను. రేకులు. కుచ్చులు. ముక్కు.

"ముక్కు..." అన్నాను.

వంటింటి గుమ్మంలోంచి మా ఆవిడ, "ముమ్మాటికీ" అంది. అంటూనే కిందికి జారి కూర్చుని నవ్వుతోంది.

"నీకు ముందే తెలుసా?"

"అది గీసిన రోజే చెప్పింది. హాల్లో వద్దని మొత్తుకోలేదూ? అంతకన్నా విడమర్చి మీకెలా చెప్పను?"

"పోనీలే నాన్నా, ఇంట్లోనేగా ఉంది. నువ్వు ఎవరికీ చూపించలేదు కదా" అంది అమ్మాయి.

నేను ఫ్యాను వేగం పెంచాను.

"నాన్నా?"

మా ఆవిడ నవ్వు ఆపింది. "ఏమండీ, అప్పుడు అన్ని చిన్న ఫ్రేములు దేనికి కట్టారు? అద్దాలమ్ముతున్నానన్నారుగా?"

చెప్పాను. ఒక్కొక్క పేరే చెప్పాను. అక్కయ్య గడియారం మాట రాగానే అమ్మాయి సోఫాలో వాలిపోయింది. ఉయ్యాల దగ్గర తలగడ మొహం మీద పెట్టుకుంది. బావమరిది గది దగ్గరికి వచ్చేసరికి మా ఆవిడ లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. తల మీద సరిగ్గా ఎక్కడుందని అడిగింది. అక్షరాలు ఎంతున్నాయని అడిగింది. అరచెయ్యి చూపించాను. ఆవిడ చాలాసేపు ఆ అరచేతినే చూసింది.

హాల్లోది మాత్రం నేను తీయను. నా కూతురు గీసింది, నేను కట్టాను. గీకిన అక్షరాలకి సాయంత్రం మళ్లీ రంగు వేశాను. ఈసారి రెండు పూతలు.

జూలై 6, ఆదివారం

పేరు నాకే ఖాయమైందని అందరికీ చెప్పాలి. దాంతోపాటు బొమ్మ సంగతి కూడా చెప్పాల్సినవాళ్లు:

అక్కయ్య. ముందు కూర్చోబెట్టాలి. నాన్న పోలిక అన్న మాట గుర్తు చేయకూడదు.

మేనకోడలు. ఉయ్యాల వెంటనే అటు తిప్పాలి. బిడ్డకి వేరే గిలక్కాయ కొనివ్వాలి.

తమ్ముడు. తమ్ముడి భార్యకి చెబితే ఆవిడే చెబుతుంది.

పిన్ని. మా ఆవిడ చెబుతానంది. పిన్ని తీయనంటే ఆవిడ ఇష్టం, ఈ వయసులో బలవంతపెట్టకూడదు.

పైవాటా టీచరమ్మ. చుట్టం కాదు గానీ, క్లాసులో పిల్లలకి చూపిస్తానని అడిగి తీసుకెళ్లింది. రేపు బడి తెరవకముందే.

బావమరిది. పురుగు నాదేనని ఈరోజే ఫోన్ చేసి చెప్పాలి. బొమ్మ సంగతి చెప్పక్కర్లేదు. నేను కాదు, వాళ్లక్కే వద్దంది.